తూర్పు ఎండ మీద నిషేధం

గోగులంకకి ఎండ తూర్పు నుంచి వస్తోందన్న సంగతి మే నెల ఇరవై నాలుగో తారీకున బయటపడింది. అంతకుముందు కూడా అటునుంచే వచ్చేదని పెద్దలు చెబుతారు గానీ, కాగితం మీద ఎక్కడా లేదు. కాగితం మీదికి ఎక్కించింది నూకరత్నం. అడిగారు కాబట్టి రాసింది.

నూకరత్నం ఆ ఊరి మామిడి తాండ్ర మహిళా సంఘానికి అధ్యక్షురాలు. యాభై నాలుగేళ్ల మనిషి, మాట తక్కువ. పోయిన కార్తీకంలో తోటికోడలు సత్తెమ్మ పోయాక ఆ తక్కువ మాటలు ఇంకా తగ్గాయి. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే గంగాళంలో రసం కలిపారు. ఈ ఏడు ఒక్కతే కలుపుతోంది.

తాండ్ర సంగతి ఎరగనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. మామిడిపళ్ల రసం తీసి, బెల్లం కలిపి, పలచగా పరుస్తారు. సాయంత్రానికి ఆ పొర ఆరాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా పన్నెండు పొరలు. ఏ రోజు పొర ఆ రోజు ఆరకపోతే అడుగున పులుస్తుంది. పులిస్తే మొత్తం పారబోయాల్సిందే. అందుకు కావలసింది రోహిణి కార్తె ఎండ. రోళ్లు పగిలే ఆ ఎండని లోకమంతా తిట్టుకుంటూ తలుపులు మూసుకుంటే, గోగులంకలో పదహారు ఇళ్ల ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి దణ్ణం పెడతారు. రోహిణి రెండు వారాలు. ఆ తర్వాత మృగశిర, వాన. ఆ రెండు వారాల్లో ఆరిందే పదహారు ఇళ్లకి ఏడాది తిండి.

ఈసారి సంఘానికి అదృష్టం పట్టిందని ఊరంతా అనుకున్నారు. ఐరోపాలో ఉమ్మడి ఉష్ణ భద్రతా మండలి అని ఒక పెద్ద సంస్థ ఉంది. చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి గ్యాసు ఎవరి దగ్గర కొనాలి, ఎవరి దగ్గర కొనకూడదు, కొన్నా కొననట్టు ఎలా ఉండాలి అన్నవి అక్కడ తేలుస్తారు. వేడితో పనిచేసే పరిశ్రమ ప్రపంచంలో ఎక్కడున్నా సరే, మండలి నియమాలు పాటిస్తే ఆ సరుకుని ఐరోపాలో అమ్ముకోనిస్తారు. తాండ్ర వేడితో ఆరుతుంది కాబట్టి అదీ పరిశ్రమే. మండలివారు జాలీ మూతలున్న నలభై స్టీలు బల్లలు పంపించారు. బదులుగా పాత తాటాకు చాపలన్నిటినీ పోగేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టించారు. దాన్ని హరిత పరివర్తన అంటారట. పొగ పక్క లంక దాకా వెళ్లింది. మండలి ప్రాంతీయాధికారి త్రివిక్రమరావు గారు ఆ పొగలో నిలబడి, దగ్గుకుంటూ, పొగలేని రేపటి గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చారు.

రోహిణి రేపనగా ఆయన జీపు సంఘం ఆవరణలో ఆగింది. చేతిలో నూకరత్నం నింపి పంపిన దరఖాస్తు.

"అధ్యక్షురాలు గారూ, పద్నాలుగో గడిలో ఉష్ణ సరఫరాదారు పేరు దగ్గర 'సూర్యుడు' అని రాశారు."

"ఆయ్, రాశానండి."

"వాటా నూటికి నూరు అని వేశారు."

"ఇంకెవరూ ఇవ్వట్లేదండి మరి."

త్రివిక్రమరావు గారు కళ్లు మూసుకున్నారు. "ఒకే ఒక్క సరఫరాదారు మీద సంపూర్ణ పరాధీనత! అమ్మా, దీన్ని వ్యూహాత్మక దుర్బలత్వం అంటారు. ఏ ఒక్కరి వాటా నూటికి నలభై దాటకూడదని నిబంధన. రేపు ఆయన సరఫరా ఆపేస్తే మీ గతేంటి?"

పళ్లు కడుగుతున్న పాపాయమ్మ తలెత్తింది. సంఘంలో నోరున్న మనిషి ఆవిడే. "రోజూ సాయంత్రం ఆపేస్తాడు కదండీ!"

"రోజూనా? ముందస్తు నోటీసు లేకుండానా?"

"ముందు ఎర్రబడతాడండి."

ఆయన ఫైల్లో 'సరఫరాదారుది బెదిరింపు ధోరణి' అని రాసుకున్నారు. తర్వాత పదిహేనో గడికి వచ్చారు. సరఫరా వచ్చు దిక్కు. నూకరత్నం గుండ్రని అక్షరాలతో 'తూర్పు' అని రాసింది. ఆయన కలం జారి పళ్ల తొట్టిలో పడింది.

"తూర్పా?"

"ఎప్పుడూ అటేనండి."

"తూర్పు నుంచి వచ్చే ఇంధనాన్ని మండలి పూర్తిగా నిషేధించిందమ్మా! యుద్ధం జరుగుతోంది!"

"ఎవరితోనండి?"

"ఆ వివరం రహస్యం. దిక్కు మాత్రం బహిరంగం."

ఆడవాళ్లంతా పని ఆపేశారు. పదహారు ఇళ్లలో పళ్లు ముగ్గిపోయి ఉన్నాయి. చాపలు బూడిదయ్యాయి. బల్లలు మండలివి. నియమం తప్పితే బల్లలు వెనక్కి తీసుకుపోతామని ఒప్పందంలోనే ఉంది. నూకరత్నం ఇవన్నీ మనసులో ఒకసారి లెక్కవేసుకుని, నెమ్మదిగా అంది:

"మజ్జాన్నం దాటితే పడమటికి పోతాడండి."

"పడమరకా?" త్రివిక్రమరావు గారి మొహం విప్పారింది. "పడమర మన మిత్రపక్షం!"

ఆ రాత్రికే ఉత్తర్వు వచ్చింది. "గోగులంక తాండ్ర ఆవరణయందు సూర్యోదయము మొదలు మధ్యాహ్నము వరకు లభించు తూర్పు ఎండను వినియోగించుట నిషిద్ధము. అట్టి ఎండ బల్లలపై పడకుండ నీలి పట్టాలు కప్పవలెను. మధ్యాహ్నానంతరము లభించు పడమటి ఎండను యథేచ్ఛగా వాడుకొనవచ్చును."

రోహిణి మొదలైంది. తెల్లారేసరికి నలభై బల్లల మీద నలభై నీలి పట్టాలు. నిప్పులు చెరిగే ఎండలో ఆడవాళ్లు ఆ పట్టాల పక్కన చేతులు కట్టుకుని కూచున్నారు. త్రివిక్రమరావు గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని, దిక్సూచి ఒళ్లో పెట్టుకుని, నోట్లో ఈల పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. పన్నెండు కాగానే పాపాయమ్మ పట్టా మీద చెయ్యి వేసింది. ఈల మోగింది.

"ఆగండి! ఇప్పుడు నడినెత్తిన ఉన్నాడు. ఏ పక్షమో తేలలేదు."

"ఎటూ కాదండి. నెత్తిమీదున్నాడు."

"అయితే తటస్థుడు. తటస్థులతో లావాదేవీకి ప్రత్యేక అనుమతి కావాలి."

అనుమతి రావడానికి పావుగంట పట్టేది. ఈలోగా సూర్యుడు తనంతట తనే పడమటి పక్షంలో చేరిపోయేవాడు. అప్పుడు పట్టాలు తీసి, పరుగుపరుగున రసం పోసేవాళ్లు. సగం ఎండకి సగం రసం. పొర ఉల్లిపొరంత పలచగా వచ్చేది.

మధ్యాహ్నం పట్టాలు తీసేముందు హాజరు పిలిచేవారు. సభ్యుల జాబితాలో పదిహేడు పేర్లున్నాయి. మూడో రోజు త్రివిక్రమరావు గారు పుస్తకం మూసి, నూకరత్నాన్ని పిలిచారు.

"పదిహేడో నంబరు సత్తెమ్మ. వరసగా గైర్హాజరు. రాతపూర్వకంగా సంజాయిషీ కావాలి."

పాపాయమ్మ ఏదో అనబోయింది. నూకరత్నం చేత్తో వారించి, కాగితం తీసుకుని, గట్టు మీద కూచుంది. ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించింది. చివరికి రెండు మాటలు రాసి ఇచ్చింది. 'ఇక రారు.'

ఆయన చదివి, 'సంజాయిషీ సంతృప్తికరము' అని ముద్ర వేశారు.

నాలుగో రోజుకి మండలికి ఇంకో బెంగ పట్టుకుంది. పడమటి ఎండ మిత్రపక్షానిదే అయినా సరఫరాదారు మాత్రం పాత మనిషే కదా! ప్రత్యామ్నాయం చూపించాలి. టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు. దాంతో మండలే చొరవ తీసుకుని చంద్రుడి పేరు పరిశీలించింది. మూడు రోజులు చదవాల్సిన నివేదిక ఒకే రోజులో వచ్చేసింది. చంద్రుడు స్వతంత్ర ఉత్పత్తిదారు కాడని, సూర్యుడి సరుకునే చల్లార్చి మారుపేరుతో అంటగడుతున్న దళారి అని అందులో తేల్చారు. చంద్రుణ్ణి నల్లజాబితాలో పెట్టారు.

ఐదో రోజు లారీ మీద డీజిలు బట్టీ దిగింది. రోడ్డు పనుల్లో తారు మరిగించే యంత్రమంత ఉంది. పచ్చ రంగు వేశారు.

"ఇది డీజిలుతో నడుస్తుందాండి?" అడిగింది నూకరత్నం.

"పరివర్తన కాలపు ఇంధనం అనాలమ్మా. పదేళ్ల వరకు దీన్ని హరితంగానే పరిగణిస్తారు. అందుకే ఆ రంగు."

"మరి అప్పుడు చాపలు ఎందుకు తగలబెట్టారండి?"

"అవి పాతవి కదమ్మా."

బట్టీ వెలిగించారు. వేడిగాలి ఒక బల్ల మీదికి, పొగ మిగతా ముప్పై తొమ్మిది బల్లల మీదికీ వెళ్లింది. గంటలో ఒక పొర ఎండింది. పాపాయమ్మ అంచు గిల్లి నోట్లో వేసుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

"ఎలా ఉందే?" అంది నూకరత్నం.

"రావులపాలెం బస్సెక్కినట్టుందక్కా. టిక్కెట్టు ఒక్కటే తక్కువ."

త్రివిక్రమరావు గారు దాన్ని 'వినియోగదారుల స్పందన: ప్రయాణానుభూతి' అని రాసుకున్నారు.

ఆరో రోజు పొద్దున్న నూకరత్నం పట్టాల కింద చెయ్యి పెట్టి ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చింది. ఇరవై మూడో బల్ల దగ్గర ఆగింది. వాసన చూసింది. పులుపు. ఇరవై నాలుగోదీ అంతే. ఆ రెండు బల్లల రసాన్నీ తనే ఎత్తి గోతిలో పోసింది. అప్పటికి మిగతావాటి మీద మూడు పొరలే ఉన్నాయి. మృగశిరకి ఎనిమిది రోజులు. పళ్ల రాశి అడుగున నల్ల మచ్చలు మొదలయ్యాయి.

"ఇంక లాభం లేదక్కా," అంది పాపాయమ్మ. "ఉన్న పళ్లు ముక్కలు కోసి పంచేసుకుందాం. పిల్లలైనా తింటారు."

"పిల్లలు ఒక్క రోజు తింటారే. ఏడాదంతా ఏం తింటారు?" అంది నూకరత్నం. చెయ్యి కడుక్కుని, త్రివిక్రమరావు గారి కుర్చీ దగ్గరికి వెళ్లింది. "మీ పైవాళ్లతో మాట్లాడాలండి."

అలా మాట్లాడడం నియమాల్లో లేదు. అలాగని కూడదనీ లేదు. పైగా, సంఘం వారే మండలికి కృతజ్ఞతలు చెప్పుకుంటామంటున్నారని ఆయన అనుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరు ఆడవాళ్లనీ జీపులో పట్నం కార్యాలయానికి తీసుకెళ్లి, గోడంత తెర ముందు కూచోబెట్టారు. ఏసీ హోరుకి పాపాయమ్మ కొంగు చెవులకి చుట్టుకుంది.

తెర మీద మండలి పెద్ద ప్రత్యక్షమయ్యాడు. అరవై ఏళ్లుంటాయి. మే నెలలో ఉన్ని చొక్కా. ముక్కు ఎర్రగా ఉంది. పేరు హెండ్రిక్స్.

"ఎండ్రీకు గారా?" పాపాయమ్మ నూకరత్నం చెవిలో అంది. "పేరులోనే ఉందక్కా. ఒంటికి మాత్రం తగిలినట్టు లేదు పాపం."

ఆయన మాట్లాడుతుంటే త్రివిక్రమరావు గారు తెలుగులో చెబుతూ వచ్చారు. "గోగులంక ప్రపంచానికే ఆదర్శం అంటున్నారు. సగం రోజు సూర్యుడి నుంచి విముక్తి పొందిన మొట్టమొదటి ఊరు మీదేనట. మిగతా సగం కూడా త్వరలోనే సాధిద్దాం అంటున్నారు."

"దయ ఉంచి ఒక్కటి అడగండి," అంది నూకరత్నం. "వారికి ఎండ ఎటునుంచి వస్తుంది?"

"అమ్మా, అది ఎజెండాలో లేదు."

కానీ తెర మీది పెద్దమనిషి ఆవిడ ఏమంటోందని అడిగాడు. చెప్పక తప్పలేదు. ఆయన నవ్వాడు. తమ దగ్గర ఎండ అరుదని, వస్తే మాత్రం అందరూ సెలవు పెట్టి బయట పడుకుంటారని చెప్పి, వెనక ఉన్న కిటికీ వైపు తిరిగాడు. అక్కడ ఇంకా పొద్దున్న తొమ్మిదిన్నరే. కిటికీలోంచి పలచటి ఎండ బల్ల మీద పడుతోంది. బల్ల మీద ఉన్న దిక్సూచి మీద కూడా పడుతోంది. ఆయన దాని వంక చూశాడు. నవ్వు పెదాల మీదే ఉండిపోయింది గానీ మిగతా మొహం దాన్ని వదిలేసి వెళ్లిపోయింది.

"తూర్పు అంటున్నారు," అన్నారు త్రివిక్రమరావు గారు, గొంతు తగ్గించి.

"వారికి తూర్పున ఏముందండి?"

తెర మీదాయన ఒక్కొక్క దేశం పేరే చెప్పుకుంటూ వచ్చాడు. చాలా దేశాలున్నాయి. చివరికి ఆగి, తెరలోంచి నూకరత్నాన్నే చూశాడు.

"'మీరు' అంటున్నారు," అన్నారు త్రివిక్రమరావు గారు.

నూకరత్నం తల ఊపింది. "మా ఊరికి ఐదున్నరకల్లా వచ్చేస్తుందండి. వారికి చేరేసరికి మాకు తొమ్మిది దాటుతుంది. మధ్యలో మేం పట్టాలు కప్పేస్తున్నాం. అక్కడ వారికేమైనా తగ్గుతోందేమో కనుక్కోండి. మా వల్ల ఒకరికి ఇబ్బంది కాకూడదు."

ఆ మాట ఆవిడ నిజంగానే అంది. ఎగతాళి ఆవిడకి రాదు.

తెర మీద గందరగోళం మొదలైంది. కోట్లు వేసుకున్నవాళ్లు పన్నెండు మంది పరిగెత్తుకొచ్చారు. ఒకరు పటం పరిచారు. ఒకరు లెక్కలు తెచ్చారు. గత ఆరు రోజులుగా వాళ్ల ఊళ్లో ఎండ తగ్గిందట. అక్కడ మబ్బు పట్టిందని ఎవరో సన్నగా అన్నారు గానీ ఆయన్ని బయటికి పంపేశారు. ఆరు రోజులు అంటే సరిగ్గా గోగులంకలో పట్టాలు కప్పినప్పటి నుంచి. హెండ్రిక్స్ గారు నిలబడ్డారు. కూచున్నారు. మళ్లీ నిలబడ్డారు.

"ఏమంటున్నారండి?" అంది పాపాయమ్మ.

"ఇంతకాలం ఒక కీలకమైన రవాణా ప్రాంతాన్ని గుర్తించకపోవడం ఘోర వైఫల్యం అంటున్నారు."

"ఏ ప్రాంతమండి?"

త్రివిక్రమరావు గారు లేచి నిలబడి చేతులు జోడించారు. "మీరే తల్లీ."

మర్నాడు తెల్లారకముందే జీపు వచ్చింది. సూర్యుడు కొబ్బరిచెట్ల మీదికి రాకముందే త్రివిక్రమరావు గారు పంట్లాం మడిచి, ఒక్కో బల్ల మీది పట్టానీ లాగి పారేశారు. పట్టాలు ఐరోపా సరఫరాకి అవరోధమని రాత్రికి రాత్రే తీర్మానమైంది. డీజిలు బట్టీ పొగ కూడా అవరోధమే కాబట్టి దాన్ని లారీ ఎక్కించారు.

"మరి తూర్పు ఎండ కూడదన్నారు కదండీ?" అంది పాపాయమ్మ.

"రవాణాలో ఉన్న సరుకుకి దిక్కు ఉండదమ్మా. చేరిన చోటే దాని దిక్కు."

ఒప్పందం నూకరత్నం ముందు పెట్టారు. "గోగులంక మీదుగా ఐరోపాకు ప్రవహించు ఎండకు పట్టాలు, పందిళ్లు, గొడుగులు మొదలగువాని ద్వారా ఎట్టి అవరోధమును కలిగింపబోమని రవాణా ప్రాంత ప్రతినిధి హామీ ఇచ్చుచున్నారు." నూకరత్నం రెండుసార్లు చదివింది. కలం తీసుకుని, సంతకానికి పైన ఖాళీలో ఒక వాక్యం చేర్చింది. 'దారిలో ఒలికిన ఎండను ఊరివారు వాడుకోవచ్చు. బల్లలు ఊరిలోనే ఉంటాయి.'

"ఎంత ఒలుకుతుందమ్మా?" అడిగారాయన.

"కార్తెని బట్టండి."

ఆయన ఐరోపాకి ఫోను చేశారు. అవతల తొందరలో ఉన్నారు. కొంత నష్టం ఏ రవాణాలోనైనా సహజమే అని ఒప్పేసుకున్నారు. నూకరత్నం సంతకం పెట్టింది. త్రివిక్రమరావు గారు గొడుగు తెరవబోయారు.

"అవరోధమండి," అంది పాపాయమ్మ.

ఆయన గొడుగు మూసి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, గట్టు మీద కూచున్నారు. నూకరత్నం ఆయనకి చెంబుడు మజ్జిగ ఇప్పించింది.

ఇక ఆ వారం గోగులంకలో ఎవరూ నడుం వాల్చలేదు. పొద్దున్నే ఒక పొర, మధ్యాహ్నం ఒక పొర. ఎండ తెల్లారి మొదలు పొద్దుగూకేదాకా దిక్కులతో పనిలేకుండా ఒలుకుతూనే ఉంది. మూడు పొరలు ఐదయ్యాయి, ఏడయ్యాయి, తొమ్మిదయ్యాయి. ముప్పై ఎనిమిది బల్లల మీద తాండ్ర ముదురు బంగారంలా నిగనిగలాడింది. పన్నెండో పొర పోసిన రోజు పైరగాలిలో తడి తగిలింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడింటికి దక్షిణాన ఒక మబ్బు. నాలుగింటికి నాలుగు. ఐదింటికి ఆఖరి బల్ల మీద తాండ్రని నూకరత్నం అంచు పట్టుకుని లేపింది. చర్మంలా, ఒక్క ముక్కగా లేచి వచ్చింది. కత్తితో కోసి, మొదటి ముక్కని చూడకుండానే అలవాటుగా ఎడమ పక్కకి అందించింది. అటు ఎవరూ లేరు. పాపాయమ్మ ఈ పక్క నుంచి అటు వచ్చి, అందుకుంది.

పదహారు ఇళ్ల తాండ్ర లోపలికి చేరి, తలుపు గడియ పడ్డాక మొదటి చినుకు రాలింది. తర్వాత ఆకాశం మొత్తం దిగింది. ఖాళీ బల్లల మీద వాన టకటకలాడుతుంటే ఆడవాళ్లు వసారాలో కూచుని, చాన్నాళ్ల తర్వాత గట్టిగా నవ్వుకుంటూ, అరిచి మాట్లాడుకుంటున్నారు. నూకరత్నం ఫోను మోగింది.

"అమ్మా, నేను త్రివిక్రమరావుని. ఐరోపా వారు కంగారు పడుతున్నారు. మీ వైపు ప్రవాహం ఒక్కసారిగా పడిపోయిందని యంత్రాల్లో కనిపిస్తోందట. మీరేమన్నా ఆపారా?"

నూకరత్నం వసారా అంచుకి వచ్చి పైకి చూసింది. కొబ్బరి మట్టలు ఊగిపోతున్నాయి. ఇటు నుంచి అటు దాకా ఎక్కడా సందు లేదు.

"ఆపామండి."

"ఎన్నాళ్లమ్మా? వాళ్లకి ఏదో ఒక తేదీ చెప్పాలి!"

"దసరాకి తెరుస్తామని చెప్పండి."

"నాలుగు నెలలా! కారణం గడిలో ఏమని రాయను?"

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది.

"మరమ్మతులని రాయండి."